‘స్వల్ప’ అని రాసే ముందు

ఎస్తేరూ,
నీ ఆర్డరు కాగితం మీద
పబ్లిక్ రిలేషన్స్ అసిస్టెంట్ అని ఉంది.
పాలకొల్లు బస్టాండులో ఆ మాట చెప్పి చూడు,
ఏ బ్యాంకులో అని అడుగుతారు.
మా అత్తగారు పోయేదాకా నన్ను
రొయ్యల కంపెనీలో టైపిస్టుననే అనుకుంది.
నేనూ దిద్దలేదు.

ముందు ఆ చెప్పులు మార్చు.
ఎత్తు మడమ చెరువు గట్టులో దిగబడుతుంది,
ముసురు రోజుల్లో అయితే మనిషితో సహా.
చెరువు చూడకుండా చెరువు గురించి రాయకు.
రాత్రి రెండింటికి కరెంటు పోయి
ఏరేటర్లు ఆగిన నిశ్శబ్దంలో
రైతు పక్కన ఒక్కసారి నిలబడు,
ఆ తర్వాతే
‘రైతు సోదరులకు’ అని మొదలుపెట్టు.

విలేకరుల నంబర్లు ఫోనులో ఉంటే చాలదు.
నాగిడి ఏడుకొండలుకి లైనుకింతని ఇస్తారు,
అదీ మూణ్ణెల్లకోసారి.
పొద్దున ఎరువుల కొట్టు, సాయంత్రం వార్తలు.
ఆయనకి టీ ఇప్పించు, చక్కెర లేకుండా.
కవరు మాత్రం ఇవ్వకు.
ఇస్తే ఆయన అమ్ముడుపోయినట్టు కాదు,
నీ మాటకి రేటు కట్టినట్టు.
నాలుగు లోపు పంపు.
ఐదు దాటిందంటే
శ్రద్ధాంజలి ప్రకటన పక్కన కూడా చోటుండదు.

ఎండీ గారి పేరు మూడుసార్లు రాయమంటారు.
ఒకసారి రాయి.
తిడతారు. తిట్టనీ.
ఫోటోలో ఆయన పక్కన నిలబడకు,
అసలు ఫోటోలోనే నిలబడకు.

ఇంక ఇది
ఎవరికీ చెప్పలేదు.

ఒక శ్రావణంలో
షెడ్డులో అమ్మోనియా పైపు పగిలింది.
రొయ్య తలలు తీసే ఆడవాళ్ళు
ఐసు నీళ్ళలో నాని తెల్లబడ్డ వేళ్ళతో
కళ్ళు మూసుకుని గేటు దాకా పరిగెత్తారు.
పదకొండు మంది.
పైనించి ఫోను,
ఏదో ఒకటి రాయండి మేడం, తొందరగా.
రాశాను.
‘స్వల్ప అస్వస్థతకు గురయ్యారు.’
చక్కటి వాక్యం, ఒక్క ఒత్తు తప్పు లేదు.
అన్ని పత్రికలూ అలాగే వేశాయి.
శభాష్ అన్నారు. పండక్కి బోనసు కూడా.

దీపావళి వెళ్ళిన వారానికి
నేతల సువార్తమ్మ నా గుమ్మంలోకి వచ్చింది.
కొంగు ముడిలోంచి పేపరు ముక్క తీసింది,
మడతల దగ్గర అక్షరాలు రాలిపోయాయి.
‘ఇందులో నేనెక్కడున్నానండీ?’
వేలు పెట్టి చూపించాను.
‘స్వల్ప అంటే ఎంతండీ?’
నా బల్ల మీద నిఘంటువు ఉంది.
అందులో వెతకలేదు.
ఆవిడ దగ్గింది,
కుర్చీ పట్టుకుని, చాలాసేపు,
నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే.

అప్పట్నించీ ఏది రాసినా
ఆవిడకి చదివి వినిపించగలనా అని చూసుకుంటాను.
వినిపించలేనివీ రాశాను, దాచను.
జీతం, పిల్లాడి ఫీజు, ఇంటి మీద లోను.
నువ్వూ రాస్తావు.
లెక్క మాత్రం పెట్టుకో.
నాకు తెలిసి నావి పధ్నాలుగు.

కాలవలో పడవలు తిరిగిన రోజుల్లో
మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
పై నీళ్ళూ కింది నీళ్ళూ
ఒక మట్టానికి వచ్చేదాకా తలుపు తియ్యడు,
సరంగు ఎంత అరిచినా.
మన పనీ అదే అని
ఇంటర్వ్యూలో గొప్పగా చెప్పాను నేను.
కాదు.
నీళ్ళ మట్టం నీళ్ళకి తెలుసు.
మనకి ఎవరో వచ్చి
కొంగు ముడి విప్పి చెప్పాలి.

సరే, మూడున్నరయింది.
మన గొట్టం కలిసే మురుగుకోడులో
చేపలు తేలాయని ఇందాకే ఫోను.
ఏం రాయాలో మెయిల్లో పంపారు కూడా,
మొదటి వరసలోనే ఆ మాట ఉంది.
కంప్యూటరు కట్టెయ్యి.
బండి తియ్యి, నేను వెనక కూచుంటాను.
నాలుగు దాటినా ఫరవాలేదు.
ముందు ఎన్ని చేపలో లెక్కపెడదాం.